మా జేజి కోళ్ళ కైఫీయత్తు

చరిత్ర రాసినోళ్ళకు ఏనుగులు కనపడ్డాయి, గుర్రాలు కనపడ్డాయి. దిబ్బ మీద గింజలేరుకునే కోడిపెట్ట కనపడలేదు. దాని వెనకాల గంప పట్టుకొని నిలబడ్డ మాదిగ ఆడమనిషీ కనపడలేదు. పుంజుకైనా కొంత నయం. పన్నెండో శతాబ్దంలో పలనాట బ్రహ్మనాయుడికీ, నాయకురాలు నాగమ్మకూ నడుమ పందెం కట్టిన పుంజు ఇప్పటికీ కథల్లో బతికే ఉంది. పుంజు రంగు చూసి, పొద్దు చూసి, ఏ దిక్కున వదిలితే గెలుస్తుందో చెప్పే కుక్కుటశాస్త్రమూ ఉంది. పెట్టకు శాస్త్రం లేదు, పద్యం లేదు. డబ్బు చేతులు మారే చోట పుంజు ఉంది, కూడు పుట్టే చోట పెట్ట ఉంది. మొదటిదాన్ని రాసుకున్నారు, రెండోదాన్ని తిన్నారు.

మాది బద్వేలు దగ్గర ఒక పల్లె. మాకు ఉత్తరాన పోరుమామిళ్ళలో భైరవుడి గుడి ముందర రాతి శాసనం ఉంది. విజయనగరం బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో అక్కడి చెరువు కట్టించిన సంగతి అందులో చెక్కినారు. రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేస్తే రెండేళ్ళకు చెరువు తయారయింది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు కూడా చెప్పినారు. ఆ వెయ్యిమంది ఎవరో, పొద్దుగూకినాక ఏం తిన్నారో ఆ రాయి చెప్పదు. 1800లో కడప సీమ ఇంగ్లీషోళ్ళ చేతికి పోయినాక కాలిన్ మెకంజీ మనుషుల్ని పెట్టి ఊరూరి చరిత్ర రాయించినాడు. అవే కైఫీయత్తులు. కరణాల నోటి నుంచి, కవిలెకట్టల నుంచి ఎత్తి రాసిన చరిత్ర అది. మాదిగపల్లెకొచ్చి, “అమ్మా, నీకెన్ని కోళ్ళుండాయి, వాటి పేర్లేంది” అని మా జేజి లాంటి మనిషిని అడిగి రాసుకునే పని ఆ కాలంలోనూ ఎవరూ పెట్టుకోలేదు, ఆ తర్వాతా పెట్టుకోలేదు. కాబట్టి మా జేజి కోళ్ళ కైఫీయత్తు నేనే రాస్తున్నా.

కోడే ఎందుకు? ఎనుముకు గడ్డి కావాల. గడ్డికి చేను కావాల. మాకు చేను లేదు. కోడికి చేను అక్కరలేదు. దిబ్బలో పురుగు, కళ్ళంలో రాలిన గింజ, చాటలోంచి జారిన నూకలు దానికి చాలు. భూమి లేని కులానికి దక్కిన ఆస్తి కోడి. అందులోనూ అది ఆడోళ్ళ ఆస్తి. మా నాయన కూలిడబ్బుల్లో కొంత సారాయంగడికి పోయేది. గుడ్లడబ్బులు మాత్రం జేజి కొంగు ముడిలోనే ఉండేవి. ఆ ముడి విప్పమని అడిగే ధైర్యం ఇంట్లో ఏ మొగోడికీ లేదు.

1970ల్లో మా కొట్టం ముందర పది పన్నెండు పెట్టలు తిరిగేవి. అన్నిటికీ పేర్లుండేవి. బోడిమెడది మెడ మీద ఈకల్లేకుండా పుట్టింది. ఎంత ఎండలోనైనా మేసేది. నల్లది ఒట్టి అనుమానం మనిషి. ఎవరైనా చూస్తాంటే గుడ్డు పెట్టేది కాదు, కడుపులో పెట్టుకొని సందులన్నీ తిరిగేది. పింగళిది సంగటి కుండ మూత కదిలిన సప్పుడు వింటే యాడున్నా ఎగిరొచ్చేది. ఎర్రదానికి కోపమెక్కువ. పిల్లల్తో ఉన్నప్పుడు కుక్క మీదికి కూడా దూకేది.

ఒకేడు నల్లది పుంజు మాదిరి కూయడం మొదలుపెట్టింది. పెట్ట కూస్తే ఇంటికి అరిష్టం, ఆ పూటే కోసెయ్యాలని ఊరంతా చెప్పింది. జేజి కొయ్యలేదు. “ఆడది గొంతెత్తితే అరిష్టమని ఎవురు పెట్నార్రా ఈ మాట? కూయనీ దాన్ని” అనింది. పెట్టకు పనిచేసే అండాశయం ఒకటే ఉంటుందనీ, అది చెడిపోతే కొన్ని పెట్టలకు పుంజు లక్షణాలు వస్తాయనీ నేను చానా ఏండ్ల తర్వాత చదువుకున్నా. ఆ సంగతి తెలీకుండానే జేజి సరైన తీర్పు చెప్పింది.

ఆమెకు తెలిసిన చదువు వేరే ఉంది. పెట్ట ఒళ్ళు కాగి, ఈకలు పొంగించుకొని కూచుంటే పొదుగుకొచ్చిందని గుర్తు. అప్పుడు గంపలో ఇసుక పోసి, పైన ఎండుగడ్డి పరిచి గుడ్లు పెట్టేది. ఉరుముకు గుడ్లు మురిగిపోకుండా ఒక ఇనుపముక్క, రెండు బొగ్గులు, ఒక ఎండుమిరపకాయ పక్కన ఉంచేది. అది నమ్మకం. వారానికి చీకట్లో బుడ్డి దగ్గర గుడ్డు పట్టుకొని చూసేది. లోపల ఎర్రటి నరాలు కనపడితే మళ్ళీ గంపలోకి, తేటగా ఉంటే కూరలోకి. ఇది శాస్త్రం. ఇరవైయొకటో దినం గంపకు చెవి పెట్టి, “పలకతాండాయి” అనేది.

ఇంత తెలిసిన మనిషి చేతి నీళ్ళు ఊరోళ్ళు తాగరు. గుడ్లు మాత్రం తింటారు. పెంకుకు అంటులేదంట! మేం గుడ్లు తీసుకపోతే వాకిట్లో చాట పెట్టేవాళ్ళు. అందులో పెట్టి దూరం జరగాల. పావలాలు ఎత్తు నుంచి మా చేతుల్లోకి పడేవి. కోడిని అమ్మితే కాళ్ళు కట్టి గడప బయట వదలాల. మా దిబ్బ మీద మేసి, మా కొట్టంలో పండుకొని లేచిన కోడి వాళ్ళ గడప దాటి లోపలికి పోతుంది. దాన్ని పెంచిన మనిషి దాటకూడదు.

అమ్మింది కొంత, ఊరికే పోయింది కొంత. ఏడాదికొకసారి జమాబందికి పై అధికార్లు వస్తే వాళ్ళ విందుకు కోళ్ళు మా పల్లె నుంచే పోవాల. ఆ పొద్దు తలారి కనపడితే చాలు, ఆడోళ్ళు కోళ్ళను గంపల కింద మూసి పైన గుడ్డలు కప్పేవాళ్ళు. పుంజులు ఆగుతాయా, గంప కిందనే కూసి దొరికిపోయేవి. దుడ్లడిగితే, “అయ్యగోరికి పెట్టేదానికి లెక్కడుగుతారా” అనేవాళ్ళు. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణాలు, మునసబుల ఉద్యోగాలు తీసేసింది. దాని గురించి చానామంది చానా రాశారు. మా జేజి లెక్క ఒకటే. ఆ తర్వాత తలారి మా గంపలెత్తలేదు.

ఎర్రదాని సంగతి చెప్పకపోతే ఈ కైఫీయత్తు నిండదు. అది గుడ్లు పెట్టడానికి మాదిగపల్లె దాటి ఊర్లోకి పోయేది. ఊరి పెద్దాయన గడ్డివామి దానికి నచ్చింది. ఒక దినం పోయింది, మళ్ళీ రాలేదు. వామి దగ్గర జీతమున్న మా చిన్నాయన చూసొచ్చి, అది పదమూడు గుడ్ల మీద కూచోనుందని రహస్యంగా చెప్పినాడు. “కదిలించగాకు” అనింది జేజి. మూడు వారాలకు ఎర్రది పదకొండు పిల్లలతో వీధెంబడి నడుచుకుంటా మా కొట్టానికి వచ్చేసింది. దాని వెనకాలే పెద్దాయన మనిషి వచ్చినాడు. జేజిని పిలిపించినారు.

“నా వామిలో పెట్టింది, నా గడ్డి మింద పొదిగింది. సగం పిల్లలు నాయి, తెచ్చియ్యి” అన్నాడు పెద్దాయన.

జేజి చెప్పుల్లేని కాళ్ళతో, వంగిన నడుముతో అరుగు కింద నిలబడే చెప్పింది. “అట్లే సామీ. నలబై ఏండ్లుగా నీ చేన్లో మా చేతులు పొదగతానే ఉండాయి. పండిన దాంట్లో సగం మాకియ్యి. ఆ పొద్దే పిల్లల్ని తెచ్చిస్తా.”

అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. కొట్టలేదు, తిట్టలేదు. ఆ ఏడు చెనిక్కాయలు పెరికే పనికి మా ఇంట్లో వాళ్ళను పిలవలేదు, అంతే. అమ్మా నాయనా రెండు కోసుల దూరం పక్కూరికి కూలికి నడిచినారు. చిన్నాయన జీతం పోయింది. పదకొండు పిల్లల్లో నాలుగు గద్దకు పోయినాయి. మిగిలిన ఏడింటిలో మూడు పుంజుల్ని పెంచి బద్వేలులో అమ్మి జేజి నా పదో తరగతి పరీక్ష ఫీజు కట్టింది. నా చదువు ఎవరి దయ అని అడిగేవాళ్ళకు నేనిప్పటికీ ఎర్రది పేరే చెప్తా.

ఉద్యోగమొచ్చినాక ఒక పుస్తకంలో నార్వే శాస్త్రవేత్త షెల్డెరప్ ఎబ్బె గురించి చదివినా. ఆయన చిన్నప్పటి నుంచీ ఇంటి కోళ్ళను చూసి చూసి, 1920ల మొదట్లో ఒక సంగతి రాసినాడు. కోళ్ళల్లో అంతస్తులుంటాయి. పైదాన్ని ఏదీ పొడవదు, అట్టడుగుదాన్ని అన్నీ పొడుస్తాయి, నడుమవి పైవాటి పోటు తిని కిందివాటిని పొడుస్తాయి. ఇది చదివి ఒక పై కులం మిత్రుడు నవ్వి, “చూడు, ప్రకృతిలోనే ఉంది” అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అంబేద్కర్ చెప్పిన అంతస్తుల అసమానతకూ దీనికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత దూరం. కోళ్ళల్లో మెట్టు పుట్టుకతో రాదు, పోట్లాటతో వస్తుంది. పైపెట్ట ముసలిదైతే దిగిపోతుంది. దాని కడుపున పుట్టినంత మాత్రాన పిల్లకు పైమెట్టు దక్కదు. మా బోడిమెడది ఒక ఎండాకాలం అట్టడుగున ఉండి, మరుసటేడు అన్నిటికంటే ముందు గింజలు తినింది. మాదిగోడికి ఆ అవకాశం ఏ శాస్త్రమిచ్చింది? కోళ్ళను చూసి కులాన్ని సమర్థించేవాళ్ళు కోళ్ళను సరిగ్గా చూసినోళ్ళు కాదు.

కోళ్ళకు నిజమైన శత్రువు కొక్కెర తెగులు. ఎండాకాలమొస్తే పచ్చటి పారుడు, మెడ తిప్పుకోవడం, నోరు తెరిచి గసపోయడం. నాలుగు దినాల్లో పల్లె పల్లె ఖాళీ. 1926లో జావాలోనూ, ఇంగ్లండులోని న్యూకాజిల్లోనూ బయటపడ్డ రోగమే అది. మన దేశంలో రాణిఖేత్‌లో కనిపెట్టినారు కాబట్టి ఆ పేరు పెట్టినారు. లాసోటా అనే టీకా కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క వేస్తే చాలు. అయితే సీసాలో నూరు కోళ్ళకు సరిపడా మందుంటుంది. ఒకసారి కలిపితే చల్లగా ఉంచి రెండు గంటల్లోపల వాడెయ్యాల. నాలుగు కోళ్ళున్న ఆడమనిషి నూరు కోళ్ళ మందు ఏం చేసుకుంటుంది? మందు కనిపెట్టినోళ్ళ మనసులో షెడ్లు ఉన్నాయి, గంపలు లేవు.

ఆ చిక్కును మా అమ్మ విప్పింది. 1980ల చివర్లో ఒక ఎండాకాలం ముందు నన్ను బద్వేలుకు పంపి, ఐసు పోసిన ఫ్లాస్కులో సీసా తెప్పించింది. కోళ్ళు గూట్లో చేరినాక, రాత్రి పల్లె ఆడోళ్ళందరూ గంపలతో రావాలని చెప్పింది. అందరివీ కలిపినా అరవై దాటలేదు. మిగిలింది పారబోయకుండా ఊర్లోకి కబురు పెట్టింది. పై కులపోళ్ళ కోళ్ళను జీతగాళ్ళు మోసుకొచ్చినారు. ఒకే సీసా, ఒకే చుక్కల గొట్టం. మా కోడి కంట్లో ఒక చుక్క, వాళ్ళ కోడి కంట్లో ఒక చుక్క, రెండూ మా అమ్మ చేత్తోనే. ఆ ఎండాకాలం మా రెండు వీధుల్లోనూ కొక్కెర రాలేదు. ఆ మందుకు అంటులేదని అందరూ ఒప్పుకున్నారు. బావి నీళ్ళ విషయం మాత్రం అప్పుడూ ఒప్పుకోలేదు.

తర్వాత కాలం మారింది. బి.వి. రావు 1971లో పెట్టిన హేచరీ నుంచి దేశమంతా ఫారం కోళ్ళు పరుచుకున్నాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి కోసం వనరాజా, గ్రామప్రియ జాతుల్ని తయారుచేసింది. అవి గుడ్లు ఎక్కువ పెడతాయి, బరువు తొందరగా వస్తాయి. కానీ పొదగవు. నాటుపెట్ట తన పిల్లల్ని తానే చేసుకుంటుంది. వీటి పిల్లల్ని ప్రతిసారీ దుడ్లు పెట్టి కొనాల. పొదుగు పోయినప్పుడు జేజి చదువూ పోతుంది. ఇంకోపక్క ఒకప్పుడు మా సంగటి, మా నాటుకోడి పులుసు చూసి మూతి తిప్పుకున్నోళ్ళే ఈనాడు దాన్ని రాయలసీమ రుచి అని బోర్డులు కట్టి అమ్ముతున్నారు. కూర పైకిపోయింది. వండిన చేతులు ఎక్కడున్నాయో చూడండి.

మా బద్వేలు పక్క లంకమల అడవిలో కలివికోడి ఉంది. పేరుకే కోడి, అది అడవిపిట్ట. 1900 తర్వాత కనపడక, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో రాత్రిపూట లైటు పట్టుకొని పిట్టలు పట్టే స్థానికుడొకడు దాన్ని పట్టుకొస్తే ప్రపంచమంతా ఇటు తిరిగి చూసింది. 1988లో దాని కోసం అభయారణ్యం వచ్చింది, తపాలాబిళ్ళ వచ్చింది. సంతోషమే. ఆ పిట్టను చూసిన కళ్ళు కూడా చదువుకున్నోళ్ళవి కావు, అడవినెరిగిన పేదోడివి. పిట్ట కోసం అంత వెతికిన దేశం, దానికి కూతవేటు దూరంలో గంపల కింద కోళ్ళు దాచుకున్న మనుషుల్ని ఎప్పుడు వెతుకుతుంది?

2019 పశుగణనలో దేశంలో 85 కోట్ల కోళ్ళూ బాతులూ లెక్కకొచ్చాయి. అందులో దాదాపు 31 కోట్ల 70 లక్షలు పెరటివి. అంటే మూడింటిలో ఒకటి కంటే ఎక్కువే షెడ్లలో కాదు, గంపల కిందా గూళ్ళలోనూ పడుకుంటున్నాయి. కోళ్ళను లెక్కపెట్టినారు, మంచిదే. సాయంత్రం వాటిని పేరుపెట్టి పిలిచే ఆడోళ్ళను కూడా లెక్కపెట్టాల. వాళ్ళకు పది కోళ్ళకు సరిపోయే సీసా కావాల, గంప పెట్టుకోను సొంత జాగా కావాల. ఇవి అడిగేదానికి శాసనం చెక్కించే రాజు మాకు లేడు. కాబట్టి కాగితం మీద రాసి అడుగుతున్నాం.