పెరటి చెట్టుకు పేరు

హోసూరులో ఒకే వస్తువుకు మూడు పేర్లుండటం మాకు కొత్త కాదు. ఇంట్లో తెలుగు, కచేరీలో తమిళం, సంతకు వచ్చే రైతుల్లో సగం మందితో కన్నడం. 1956లో భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మా తాలూకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఇలా మూడు భాషల నడుమ బతికేవారికి ఒక అలవాటు అబ్బుతుంది. కొత్త వస్తువు కంటబడగానే “దీన్ని మనవాళ్లు ఏమంటారు?” అని మనసు అడుగుతుంది. ఈ మధ్య మేము కొన్న ఇంటి పెరట్లోని ఒక చెట్టు గురించి ఈ ప్రశ్న వేసుకుంటే, జవాబు 240 ఏళ్ల వెనక్కు తీసుకుపోయింది.

చెట్టు నిటారుగా, రెండు మిద్దెల ఎత్తు ఉంది. బెరడు బూడిద రంగులో, పగుళ్లు బారి, వేలితో నొక్కితే మెత్తగా దిగుతుంది. ఆకు వేపను తలపిస్తుంది కాని వేప కాదు. కార్తిక మాసం వచ్చేసరికి రాత్రిపూట తెల్లని పూలు విచ్చుకుని, తెల్లవారేసరికి నేలంతా పరుచుకున్నాయి. పూవుకు పొడుగాటి కాడ, కొసన చిన్న రేకులు, సన్నని సువాసన. ఇల్లు అమ్మినవారు చెట్టు సంగతి ఏమీ చెప్పలేదు. కారు షెడ్డు వేయడానికి వచ్చిన మేస్త్రీ మాత్రం, “కొట్టేద్దాం సార్, గాలొస్తే మీద పడే చెట్టు” అన్నాడు. ఉంచాలా కొట్టాలా తేలాలంటే ముందు అదేమిటో తెలియాలి.

అడిగితే పేర్లకు కొదవ లేదు. పక్కింటి తమిళావిడ మరమల్లి అన్నది. ఆనేకల్ వైపు నుంచి పాలు తెచ్చే కన్నడిగుడు ఆకాశమల్లిగె అన్నాడు. మా కోడలిది కాకినాడ. ఆమె చూడగానే, “ఇవి పున్నాగ పూలు కదా మావయ్యగారూ! చిన్నప్పుడు దారం లేకుండా కాడలతోనే జడలు అల్లుకునేవాళ్లం” అన్నది. పుట్టి పెరిగిన హోసూరు తెలుగువాళ్లలో ఎవరిని అడిగినా, “తెల్లపూల చెట్టు స్వామీ” అనేవారే.

కోడలి మాట దగ్గర నేను ఆగిపోయాను. పున్నాగ అంటే సంస్కృత కావ్యాల్లోనూ మన ప్రబంధాల్లోనూ కనిపించే చెట్టు. తెలుగులో పొన్న, తమిళంలో పున్నై, ఒడియాలో పొలాంగ, మరాఠీలో ఉండి. శాస్త్రజ్ఞులు కేలోఫిల్లమ్ ఇనోఫిల్లమ్ అంటారు. సముద్ర తీరాల్లో బాగా పెరుగుతుంది. దాని కలప పడవలకు, గింజల నూనె దీపాలకు వాడేవారు. మద్రాసు మైలాపూరు కపాలీశ్వరాలయంలో స్థలవృక్షం పున్నై. మన ఆలయాల్లో ఉత్సవాలప్పుడు కృష్ణస్వామిని ఎక్కించి ఊరేగించే పొన్నవాహనం కూడా ఈ చెట్టు పేరుమీదే వచ్చింది.

అయితే మా పెరటి చెట్టు అది కాదని పోల్చుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. పొన్న ఆకు ఒంటి ఆకు. దళసరిగా, నిగనిగలాడుతూ, నడిమి ఈనె నుంచి దువ్వెన పళ్లలా సన్నని గీతలతో ఉంటుంది. పూవులో నాలుగు తెల్లని రేకులు, మధ్యన కుచ్చులా పసుపుపచ్చని కేసరాలు. కాయ గోలీలా గుండ్రంగా ఉంటుంది. మా చెట్టు ఆకు రెమ్మలు, వాటికి పిల్లరెమ్మలు, వాటికి చిట్టాకులుగా చీలి ఉంటుంది. పూవు గొట్టంలా ఉండి, లోపల నాలుగే కేసరాలు. ఈ గుర్తులతో వృక్షశాస్త్ర గ్రంథాలు తిరగేస్తే తేలిన పేరు మిల్లింగ్టోనియా హార్టెన్సిస్. పాత గ్రంథాల్లో తెలుగు పేరుగా కావుకి అని కనిపిస్తుంది. కోస్తాలో కాడమల్లె, ఆకాశమల్లె అనేవారూ ఉన్నారు. పేరుకు మల్లెలే గాని, ఇది మల్లె కుటుంబం కాదు. బెంగళూరు వీధుల్లో ఊదారంగు పూలు పూసే జకరండాకు చుట్టం.

ఈ లాటిన్ పేరులోనే ఒక చరిత్ర ఉంది. హార్టెన్సిస్ అంటే తోటలకు చెందినది. అడవిలో కాక తోటల్లో పెంచగా చూసిన చెట్టన్నమాట. దీని పుట్టిల్లు మయన్మార్, థాయిలాండ్, ఇండోచైనా ప్రాంతాలు. మిల్లింగ్టన్ 17వ శతాబ్దపు ఇంగ్లీషు వైద్యుడు. పూవులోని కేసరం మగ భాగమన్న ఆలోచన తనకు ఆయనే చెప్పాడని నెహెమియా గ్రూ 1682లో అచ్చయిన తన గ్రంథంలో రాశాడు. పూలలో ఆడ మగ ఉన్నాయన్న మనిషి పేరు పెట్టుకున్న ఈ చెట్టు మన దేశంలో కాయ కాయడం అరుదు. వేళ్ల నుంచి లేచే పిలకలతోనే ఎక్కువగా విస్తరిస్తుంది.

శాస్త్రలోకానికి ఈ చెట్టును పరిచయం చేసింది 1782లో వెలువడిన చిన్న లినేయస్ గ్రంథం. అందులోని దక్షిణ భారతదేశపు మొక్కల్లో చాలావరకు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ సేకరించి పంపినవి. ఈయన పెద్ద లినేయస్ శిష్యుడు. 1768లో డేనిష్‌వారి రేవు తరంగంబాడికి వచ్చి, తరువాత ఆర్కాటు నవాబు దగ్గర, ఆపైన ఈస్టిండియా కంపెనీలో కొలువు చేశాడు. తమిళదేశపు మొక్కలతో మొదలైన ఆయన జీవితం తెలుగు తీరంలో ముగిసింది. 1785లో కాకినాడ పక్కనున్న జగన్నాథపురంలో కన్నుమూశాడు. యానాం అక్కడికి ఎంతో దూరం కాదు. మా కోడలు పూలజడలు అల్లుకున్నదీ ఆ ఊళ్లోనే. ఆయన కాగితాలు లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి.

కోనిగ్ మిత్రుడు విలియం రాక్స్‌బర్గ్. 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉండి, అక్కడ తోట వేసి, దేశీయ చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. వాటిలో 300 చిత్రాలు 1795 నుంచి 1820 వరకు కోరమండల్ తీరపు మొక్కల పేరుతో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. ఆయన చేసిన మంచి పని ఒకటుంది. ప్రతి మొక్కకూ అక్కడి జనం ఏమంటారో అడిగి రాసుకున్నాడు. ఆ విధంగా మన మాటలు లాటిన్‌లోకి ఎక్కాయి. సోమిద చెట్టు సోయ్‌మిడా అయింది. వాల్సుర చెట్టు వాల్సురా అయింది. ఇవాళ ఏ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఆ మాటలు పలికినా గోదావరి జిల్లా రైతు నోటి మాట పలుకుతున్నట్టే.

తరువాత 1859లో వాల్టర్ ఇలియట్ ఉత్తర సర్కారుల మొక్కల తెలుగు పేర్లను ఫ్లోరా ఆంధ్రికాగా కూర్చాడు. గాంబుల్ 1915లో మొదలుపెట్టిన మద్రాసు రాజధాని వృక్ష గ్రంథాన్ని ఆయన మరణానంతరం ఫిషర్ 1936లో పూర్తి చేశాడు. అందులో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ పేర్లు పక్కపక్కనే ఉంటాయి. అది ముగిసిన ఏడే గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఒరిస్సాలో చేరింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాయి. సరిహద్దులు గీసినవారు చెట్ల పేర్లను పంచలేకపోయారు.

ఇన్ని భాషల పేర్లు ఒకచోట పెట్టి చూస్తే ముచ్చటేస్తుంది. మరాఠీవారు బెరడు చూసి బూచ్ అన్నారు, అంటే బిరడా. నిజంగానే ఈ బెరడును నాసిరకం బిరడాలకు వాడేవారు. హిందీవారు ఆకును, పూవును కలిపి నీమ్ చమేలీ అన్నారు. కన్నడిగులు ఎత్తు చూశారు. తమిళులు తీగ మీద కాక మాను మీద పూసే మల్లె అన్నారు. తెలుగువారు కాడ చూశారు. తమిళ మరం, కన్నడ మర, మన మ్రాను ఒక తల్లి పిల్లలే. మల్లి, మల్లిగె, మల్లె సంగతీ అంతే. మరి కోస్తావారు పున్నాగ ఎందుకన్నారు? దూరదేశం నుంచి వచ్చిన కొత్త కోడలికి ఇంటి పెద్దావిడ పేరు పెట్టుకున్నట్టు, ఈ చెట్టుకు ఒక పాత పెద్ద పేరు పెట్టుకున్నారని నా ఊహ. అందులో తప్పు లేదు. ప్రబంధంలో పున్నాగ అని చదివినప్పుడు ఈ గొట్టం పూలను ఊహించుకోకుండా ఉంటే చాలు.

చెట్టు తేలాక మేస్త్రీ మాటలో నిజమూ తేలింది. దీని కలప పెళుసు, పెద్ద గాలికి కొమ్మలు విరుగుతాయి. ఇంటి మీదికి వంగిన రెండు కొమ్మలు నరికించి, షెడ్డును రెండో పక్కకు మార్చాము. చెట్టు ఉంది.

ఇక అసలు విషయం. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి పాఠమైంది. మా మనవరాలు బడిలో మీ ఇంటి చెట్టు గురించి రాయమంటే మరమల్లి అని చక్కగా రాసింది. రాసి, “తాతా, మన భాషలో దీనికి పేరు లేదా?” అని అడిగింది. మనవంటి ఇళ్లలో భాష వ్యాకరణం దగ్గర పోదు. “ఏదో తెల్లపూల చెట్టు” అన్న దగ్గర పోతుంది. క్రియలు నిలుస్తాయి, చుట్టరికాలు నిలుస్తాయి. చెట్లు, పురుగులు, పనిముట్లు ముందుగా పక్క భాషలోకి వెళ్లిపోతాయి. ఆమెకు కాడమల్లె, కావుకి అని రెండు పేర్లూ చెప్పాను. మరమల్లిని కొట్టివేయమనలేదు. పక్కింటివారితో మాట్లాడటానికి అది కావాలి, మనవారితో మాట్లాడటానికి ఇది కావాలి.

రాక్స్‌బర్గ్ ఊరూరా అడిగి రాసుకున్న పని మనం మన వీధిలో చేయలేమా? బరంపురంలో, యానాంలో, బళ్లారిలో, షోలాపూరులో ఉన్న పాఠకులు తమ ఇంట్లో పెద్దవారు ఈ చెట్టును ఏమంటారో అడిగి, పత్రికకు ఒక కార్డు ముక్క రాస్తే మేలు. పెద్దవారు ఉండగానే అడగాలి.