సముద్రపు వేడిమి: నింగి మాట, నీటి సాక్ష్యం

భీమవరంలో నిలిచి చూచువారికి వరిచేలు, చేపల చెరువులే గాని సముద్రము కానరాదు. అయినను నరసాపురము దాటి పోయిన అదే ఎదురగును. ఆ నీరు ఎంత వేడెక్కినదో తెలిసికొనుట మనకు వినోదమాత్రము కాదు. సుమారు 26.5 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి వేడెక్కిన సముద్రమే తుఫానులకు బలమిచ్చును. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి గోదావరి సీమపై విరుచుకుపడి, వేయిమందికి పైగా బలిగొన్న గాలివానకు ఆహారము బంగాళాఖాతపు వేడినీరే.

పూర్వము నావికులు బొక్కెనతో నీరు తోడి థర్మామీటరు ముంచెడివారు. గాలి సోకి ఆ నీరు కొంత చల్లబడెడిది. ఓడ యంత్రములలోనికి పోవు నీటిని కొలిచిన, వేడి కొంత ఎక్కువగా కనిపించెడిది. సాధనమును బట్టి సంఖ్య మారెడిదన్న మాట.

1952లో అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చినారు. ఆయన, మన పరిశోధకులు కలిసి నౌకల మీద నుండి బాతీథర్మోగ్రాఫును నీటిలోనికి దింపినారు. లోతును బట్టి వేడి ఎట్లు మారునో అది గాజుపలకపై గీతగా గీయును. వసంతకాలమున నైరుతి గాలులు పైనీటిని తీరమునుండి తొలగింపగా, అడుగునున్న చల్లని నీరు పైకి వచ్చుట ఆ పరిశీలనలలో తేటపడినది.

1999 మే 26న శ్రీహరికోట నుండి ఓషన్‌శాట్-1 ఉపగ్రహము లేచినది. అయితే ఉపగ్రహము నీటిని తాకదు. నీరు వెలువరించు కిరణములను పట్టి, వేడిమిని లెక్కగట్టును. పరారుణ కిరణములకు మబ్బు అడ్డు. ఓషన్‌శాట్-1 వాడిన మైక్రోవేవులు మబ్బును దాటి వచ్చును గాని, వాన, చేరువనున్న నేల వాటి లెక్కను చెరచును. కనుక ఒకే చోట, ఇంచుమించు ఒకే వేళ నౌకలు, బోయాలు తీసిన కొలతలతో దాని సంఖ్యలను సరిపోల్చినారు.

ఇచట ఒక మెలకువ అవసరము. పరారుణ సాధనము చూచునది వెంట్రుక మందము కన్న పలుచనైన పైపొరను. నౌక కొలుచునది దాని దిగువనున్న నీటిని. రాత్రివేళ ఆ పొర కొంచెము చల్లగా నుండును. గాలిలేని మధ్యాహ్నమున పైనీరు దిగువ నీటికన్న వేడెక్కును. కావున రెండు సంఖ్యలకు తేడా వచ్చిన ప్రతిసారి ఒకటి అబద్ధమనరాదు. ఈ వివేకము లేనిచో మంచి సాధనమునే తప్పుబట్టుదుము, లేదా చెడ్డదానిని నమ్ముదుము.

హైదరాబాదులో 1999లో స్థాపితమైన సముద్ర సమాచార కేంద్రము, ఉపగ్రహములు చూపు వేడిమిని ఆధారముగా గొని, చేపలు దొరకు తావులను జాలరులకు తెలుపుచున్నది. ఆ మాట నమ్మి నరసాపురపు పడవ సముద్రములోనికి పోవును. నింగి చెప్పిన దానికి నీటి సాక్ష్యము కోరుట అందుకే.