గుల్బదన్ బేగం - ఆమె సోదరులు

హుమాయూన్, కామ్రాన్, అస్కరీ, హిందాల్ అనే నలుగురు అన్నదమ్ముల కలహం మొగలుల చరిత్ర చదివిన వారందరికీ తెలిసినదే. చరిత్రకారులు దానిని కోటల కథగా, సైన్యాల కథగా చెప్పారు. అదే కలహాన్ని ఇంటి లోపలి నుండి చూసి వ్రాసిన సోదరి ఒకామె ఉన్నది. ఆమె బాబర్ కుమార్తె గుల్బదన్ బేగం. మేనల్లుడైన అక్బర్ కోరిక మీద, 1587 ప్రాంతంలో, వృద్ధాప్యంలో పారసీక భాషలో ఆమె వ్రాసిన గ్రంథమే ‘హుమాయూన్ నామా’. దాని మీద మన పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంతో సరిపెట్టడం విచారకరం.

గుల్బదన్ 1523 ప్రాంతంలో కాబూల్‌లో జన్మించింది. తల్లి దిల్దార్ బేగం. హిందాల్ ఆమెకు సొంత అన్న. హుమాయూన్ తల్లి మాహం బేగం. కామ్రాన్, అస్కరీల తల్లి మరొకరు. అయితే మాహం బేగం తన బిడ్డలు పలువురు చనిపోవడంతో ముందు హిందాల్‌ను, తరువాత గుల్బదన్‌ను తెచ్చి పెంచుకున్నది. కన్నతల్లికి ఇది ఇష్టం లేకపోయినా జరిగిపోయింది. ఆ విధంగా గుల్బదన్ హుమాయూన్‌కు సవతి చెల్లెలే కాక, అతడి తల్లి చేతి అన్నం తిన్న పిల్ల కూడా అయింది. ఇద్దరికీ పదిహేనేళ్ళ తేడా. 1530 డిసెంబరులో బాబర్ మరణించేనాటికి ఆమెకు ఇంకా ఎనిమిదేళ్ళు నిండలేదు. ఆ తరువాత తండ్రి లేని లోటు తెలియకుండా చూసినది ఈ పెద్దన్నయే అని ఆమె వ్రాతలలో స్పష్టంగా కనిపిస్తుంది.

తైమూర్ వంశంలో పెద్ద కుమారునికే సింహాసనం అన్న స్థిరమైన నియమం లేదు. రాజ్యం కుటుంబమంతటిదీ. కనుక ప్రతి రాకుమారుడూ తనకూ హక్కు ఉన్నదనే అనుకునేవాడు. తమ్ముళ్ళు తప్పు చేసినా వారికి కీడు తలపెట్టవద్దని బాబర్ చివరి రోజులలో హుమాయూన్‌కు చెప్పినట్లు చరిత్రకారులు వ్రాశారు. ఆ మాటకు కట్టుబడినందుకే హుమాయూన్ అన్ని కష్టాలు పడ్డాడని కొందరంటారు. అతడి బద్ధకం, నల్లమందు వ్యసనం కూడా తక్కువ హాని చేయలేదని మా అభిప్రాయం.

1538లో హుమాయూన్ బెంగాల్‌లో చిక్కుకొని ఉండగా, పంతొమ్మిదేళ్ళ హిందాల్ ఆగ్రాలో తన పేర ఖుత్బా చదివించుకున్నాడు. అప్పుడు దిల్దార్ బేగం నీలి రంగు శోకవస్త్రాలు ధరించి కొడుకు ఎదుటికి వచ్చింది. ఇదేమిటని అడిగితే, నీ కోసమే ఈ శోకం అన్నది. గుల్బదన్ ఈ ఘట్టాన్ని దాచలేదు. సొంత అన్న చేసిన తప్పును, తల్లి మందలింపును ఉన్నదున్నట్లు వ్రాసింది.

మరుసటి ఏడాది చౌసా వద్ద షేర్ ఖాన్ చేతిలో ఓడిపోయి హుమాయూన్ ఆగ్రాకు తిరిగివచ్చాడు. ఆ యుద్ధపు అల్లకల్లోలంలో అతడి చిన్నారి కూతురు అఖీఖా జాడ తెలియకుండా పోయింది. చెల్లెలు ఎదురుపడినప్పుడు అతడు మొదట గుర్తుపట్టలేదు. తాను దండయాత్రకు బయలుదేరేనాటికి ఆమె తల మీద కన్నెపిల్లలు పెట్టుకునే టోపీ ఉండేది. ఇప్పుడు పెళ్ళయిన స్త్రీల తలగుడ్డ ఉన్నది. రాజ్యం చేజారిపోతున్న వేళ అన్న గమనించిన ఈ సంగతిని ఆమె దాదాపు యాభై ఏళ్ళు జ్ఞాపకం ఉంచుకున్నది. హిందాల్‌ను క్షమించమని తల్లులు వేడుకొనగా హుమాయూన్ క్షమించాడు.

కామ్రాన్‌తో ఆమె సంబంధం వేరు. 1540లో లాహోరుకు వెళ్తూ అతడు ఆమెను వెంట పంపవలసిందిగా పట్టుబట్టాడు. తల్లిని, అక్కలను విడిచి ఆమె ఏడుస్తూ బయలుదేరింది. నన్ను మీ నుండి వేరుచేసి మీర్జాకు అప్పగిస్తారని అనుకోలేదని హుమాయూన్‌కు లేఖ వ్రాసింది. నాకు మనసొప్పలేదు, అతడి బలవంతం మీద పంపవలసి వచ్చిందని అతడు జవాబిచ్చాడు. కన్నౌజ్ ఓటమి తరువాత హుమాయూన్ సింధుకు, అటు నుండి ఇరాన్‌కు పోయాడు. 1545 నవంబరులో అతడు కాబూల్‌లో ప్రవేశించే వరకు, అయిదేళ్ళు ఆమె అన్నను చూడలేదు.

కామ్రాన్ కాబూల్‌ను మళ్ళీ ఆక్రమించుకున్నప్పుడు దిల్దార్ బేగంను వేరే ఇంటికి పొమ్మని, ఇది నీ ఇల్లే, నీవు ఇక్కడే ఉండమని గుల్బదన్‌తో అన్నాడు. మా అమ్మ ఎక్కడ ఉంటే నేనూ అక్కడే అన్నది ఆమె. అయితే నీ భర్త ఖిజ్ర్ ఖ్వాజాను నా పక్షానికి రమ్మని లేఖ వ్రాయమన్నాడు. నేను ఆయనకు ఎన్నడూ వ్రాయలేదు, నా లేఖను ఆయన గుర్తుపట్టలేరు, చెప్పదలచినది మీరే వ్రాయండి అని తప్పించుకున్నది. అన్న మాట కాదనకుండానే కాదన్న తీరు ఇది. ఇటు భర్తకు మాత్రం చక్రవర్తిని విడిచిపెట్టవద్దని గట్టిగా చెప్పింది.

1551 నవంబరులో కామ్రాన్ సేనలు రాత్రివేళ జరిపిన దాడిలో హిందాల్ మరణించాడు. ఒకప్పుడు అన్నకు ఎదురుతిరిగినవాడు అన్న పక్షాన పోరాడుతూ ప్రాణం విడిచాడు. అతడిని తరువాత కాబూల్‌లో బాబర్ పాదాల చెంత ఖననం చేశారు. ఆ కత్తి నా గుండెకు గాని, నా కొడుకుకు గాని, భర్తకు గాని తగిలినా బాగుండేదని గుల్బదన్ విలపించింది. ఇతర చోట్ల ‘మీర్జా కామ్రాన్’ అనే ఆమె కలం ఇక్కడ అతడిని సోదరహంతకుడని పిలిచింది.

తరువాత కామ్రాన్ పట్టుబడ్డాడు. రాజ్యపాలనలో అన్నదమ్ముల వాత్సల్యానికి తావులేదని, అతడిని చంపవలసిందేనని సర్దారులు ఒత్తిడి చేశారు. 1553లో హుమాయూన్ ప్రాణం తీయించక కళ్ళు తీయించాడు. మనకు దొరికిన ఏకైక వ్రాతప్రతి సరిగ్గా ఈ ఆజ్ఞ అమలైన చోట, వాక్యం మధ్యలో తెగిపోతుంది. మిగిలిన పుటలు పోయినవి.

అంధుడైన కామ్రాన్ హజ్‌కు వెళ్ళి 1557లో మక్కాలోనే మరణించాడు. అస్కరీ కూడా హిజాజ్‌కు పంపబడి తిరిగి రాలేదు. 1575లో గుల్బదన్ బేగం ఫతేపూర్ సిక్రీ నుండి హజ్‌కు బయలుదేరినప్పుడు ఆ బృందంలో అస్కరీ భార్య ఉన్నది, కామ్రాన్ కుమార్తెలు ఇద్దరూ ఉన్నారు. వారంతా మూడేళ్ళకు పైగా హిజాజ్‌లో గడిపి, తిరుగు ప్రయాణంలో ఏడెన్ వద్ద ఓడ దెబ్బతిని చిక్కుపడి, 1582లో సిక్రీకి చేరారు. తండ్రి కన్నుమూసిన నగరానికి ఆ ఆడపిల్లలు వెళ్ళినది తమ మేనత్త వెంటనే. హిందాల్ మరణం గురించిన ఆ కఠినమైన మాటలను మేనత్త వ్రాసినది ఈ యాత్ర నుండి తిరిగి వచ్చిన అయిదేళ్ళకు.