అడవి పిల్లి తూటాలు – ఫ్యాక్టరీ తూటాలు

ఒక కంపెనీ బోల్టుకు మరో కంపెనీ నట్టు సరిగ్గా పడుతుంది. ఇద్దరూ ఒకే కొలతలు పాటించడమే అందుకు కారణం. నట్టు పట్టకపోతే మనకు విసుగు కలుగుతుంది, అంతే. అదే రైఫిల్‌కు తూటా సరిపడకపోతే తుపాకీ పగిలి, పట్టుకున్నవాడి కన్ను పోవచ్చు. అందుకే తూటాల చరిత్ర ఒక విధంగా కొలతల చరిత్ర.

తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి కేసు, నిప్పు పుట్టించే ప్రైమర్, మందు, బుల్లెట్. ఫ్యాక్టరీ తూటా విషయంలో కేసు కొలతలు, మించకూడని పీడనం ముందే నిర్ణయమై ఉంటాయి. అమెరికాలో ఈ ప్రమాణాలు రూపొందించే తయారీదారుల సంస్థ ప్రభుత్వం కోరిన మీదట 1926లో ఏర్పడింది.

ఇలాంటి ప్రమాణాలేవీ లేకుండా, తుపాకులు చేసే నిపుణులు సొంతంగా రూపొందించుకున్న తూటాను అక్కడ ‘వైల్డ్‌క్యాట్’, అంటే అడవి పిల్లి, అంటారు. సాధారణంగా ఫ్యాక్టరీ కేసునే తీసుకొని దాని మూతినో, భుజాన్నో మారుస్తారు. రైఫిల్‌ను కూడా దానికి తగ్గట్టు మలచాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. అమెరికా సైన్యం 1906లో .30-06 తూటాను స్వీకరించింది. దాని బుల్లెట్ వ్యాసం సుమారు 7.8 మిల్లీమీటర్లు. 1920 ప్రాంతంలో అడాల్ఫ్ నీడ్నర్ అనే నిపుణుడు అదే కేసు మూతిని సన్నం చేసి, సుమారు 6.5 మిల్లీమీటర్ల బుల్లెట్‌ను అమర్చాడు. బుల్లెట్ తేలికైతే వేగం పెరగాలి కదా! కానీ ఇక్కడ ఒక చిక్కు ఉంది. పెద్ద కేసులోని వాయువు సన్నని దారిలో పోవాలి. మందు త్వరగా మండితే, బుల్లెట్ ముందుకు సాగేలోపే పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. కాబట్టి నిదానంగా మండే మందు కావాలి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఫిరంగి గుండ్లలో వాడిన అలాంటి మందు మిగులు సరుకుగా మార్కెట్లోకి వచ్చింది. ఆ తరువాతే ఈ తూటా సత్తా పూర్తిగా బయటపడింది. 1969లో రెమింగ్టన్ కంపెనీ దాన్ని .25-06 పేరుతో ఫ్యాక్టరీ తూటాగా చేసింది. అంటే దాదాపు యాభై ఏళ్లు పట్టింది!

.22-250 కథ మరో రకం. 1915 నాటి .250 సావేజ్ కేసు నుంచి 1930లలో దీన్ని తయారుచేశారు. పలువురు నిపుణులు తలో విధంగా చేయడంతో ఒకరి తూటా మరొకరి రైఫిల్‌కు సరిపోతుందన్న భరోసా లేదు. 1963లో బ్రౌనింగ్ కంపెనీ దీనికోసం రైఫిల్ అమ్మినప్పటికి ఫ్యాక్టరీ తూటాలే లేవు! 1965లో రెమింగ్టన్ ఆ లోటు తీర్చింది.

మరి ఫ్యాక్టరీకి చేరాక ఏం మారింది? కొత్త శక్తి ఏమీ రాలేదు. అందరికీ ఒకే కొలత, పరీక్షించిన పీడనం వచ్చాయి. అంతకుముందు ఆ పరీక్ష భారం, ప్రమాదం వాడేవాడి మీదే ఉండేవి. చాలా అడవి పిల్లి తూటాలు ఈ దశకు చేరకుండానే మరుగునపడ్డాయి.

మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరమని గుర్తుంచుకోండి. మనం నేర్చుకోవలసింది దీని వెనుక ఉన్న పద్ధతిని. మీ ఇంట్లో ప్రెషర్ కుక్కర్ మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందేమో చూడండి. దానికోసం ఏయే కొలతలు, ఏయే పీడనాలు పరీక్షించి ఉంటారో మీ ఉపాధ్యాయులను అడిగి తెలుసుకోండి.