ఎలక్ట్రిక్ కారు: డ్యాష్‌బోర్డు చెప్పని బ్యాటరీ లెక్కలు తెలుసుకోవడం ఎలా?

సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు కొనేటప్పుడు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లడం చాలామందికి అలవాటు. ఆయన బానెట్ ఎత్తి ఇంజిన్ శబ్దం వింటాడు, ఆయిల్ రంగు చూస్తాడు, పొగ గమనిస్తాడు. ఎలక్ట్రిక్ కారులో వినడానికి ఇంజిన్ లేదు, చూడడానికి పొగ లేదు. కారు ధరలో పెద్ద వాటా బ్యాటరీదే. అదేమో సీట్ల కింద సీలు వేసిన పెట్టెలో ఉంటుంది. దాని అసలు పరిస్థితి కారులోని కంప్యూటర్లకే తెలుసు. ఆ లెక్కలను యజమాని కూడా చదవొచ్చు. ఈ పనిని ముందుగా పెద్ద ఎత్తున చేసి చూపించింది నిస్సాన్ లీఫ్ యజమానులు.

కంప్యూటర్లు మాట్లాడుకునే తీగ

కారులో బ్రేకులకు, మోటారుకు, ఛార్జర్‌కు, బ్యాటరీకి వేర్వేరు చిన్న కంప్యూటర్లు ఉంటాయి. ఇవన్నీ మెలితిప్పిన రెండు తీగల మీద సందేశాలు పంపుకుంటాయి. ఈ ఏర్పాటును క్యాన్ బస్ అంటారు. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ దీన్ని 1986లో బయటపెట్టింది. ఒక కంప్యూటర్ పంపిన సందేశం ఆ తీగ మీదున్న మిగతా వాటన్నింటికీ వినిపిస్తుంది. కాబట్టి ఆ తీగకు చెవి పెడితే కారు లోపలి మాటలు తెలుస్తాయి.

ఆ చెవి పెట్టే చోటు స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్. దీన్నే ఓబీడీ పోర్టు అంటారు. పొగ కాలుష్యాన్ని తనిఖీ చేయడానికి అమెరికా 1996 మోడల్ కార్ల నుంచి ఈ పద్ధతిని తప్పనిసరి చేసింది. ఎలక్ట్రిక్ కార్లకు పొగ లేకపోయినా చాలా వాటిలో ఈ సాకెట్ ఉంటుంది. ఇందులో చిన్న బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, ఆ మోడల్‌కు సరిపోయే యాప్ ఫోన్‌లో వేసుకుంటే చాలు. ఒక్కో కంపెనీ కోడ్ భాష ఒక్కోలా ఉంటుంది కనుక ఒక కారు యాప్ ఇంకో కారుకు పనిచేయకపోవచ్చు.

లీఫ్ యజమానులు ఏం కనుగొన్నారు?

2010 డిసెంబర్‌లో జపాన్, అమెరికాల్లో అమ్మకానికి వచ్చిన లీఫ్‌లో 24 యూనిట్ల బ్యాటరీ ఉండేది. ఇంటి కరెంటు మీటర్ లెక్కలో ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్, ఇక్కడా అదే కొలత. బ్యాటరీలో 192 సెల్స్ ఉంటాయి. రెండేసి కలిపి 96 జతలుగా వరసలో కడతారు. బ్యాటరీని చల్లబరచడానికి నీటి ఏర్పాటు లేదు.

బ్యాటరీ ఆరోగ్యాన్ని డ్యాష్‌బోర్డు 12 గీతల్లో చూపిస్తుంది. చిక్కంతా ఈ గీతలతోనే. సామర్థ్యం దాదాపు 15 శాతం తగ్గేదాకా మొదటి గీత పడిపోదు. అంటే 12 గీతలున్న రెండు కార్లలో ఒకటి కొత్తదానిలా ఉండొచ్చు, ఇంకోటి 14 శాతం అరిగిపోయి ఉండొచ్చు.

2012లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ ఎండల్లో తిరిగిన లీఫ్‌లకు గీతలు త్వరగా పడిపోవడం మొదలైంది. యజమానులే పరికరాలతో కొలిచి, అంకెలు పక్కపక్కన పెట్టి చూపించారు. చివరికి కంపెనీ 5 ఏళ్లు లేదా 60 వేల మైళ్ల లోపు 9 గీతల కంటే తగ్గితే బ్యాటరీ బాగుచేసి ఇస్తామని వారంటీ ప్రకటించింది. ఎండలు మండే హైదరాబాద్, రామగుండం లాంటి చోట్ల కారు కొనేవారికీ ఈ సంగతి పనికొస్తుంది. లీఫ్‌లా కాకుండా, 2020లో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీ బ్యాటరీకి నీటితో చల్లబరిచే ఏర్పాటు ఉంది.

చూడాల్సిన నాలుగు అంకెలు

1. ఆరోగ్య శాతం: కొత్తగా ఉన్నప్పటితో పోలిస్తే ఇప్పుడు ఎంత కరెంటు పడుతుందో చెప్పేది.

2. సెల్స్ మధ్య వోల్టేజీ తేడా: అన్ని జతలూ దాదాపు ఒకేలా ఉండాలి. ఒక జత మిగతావాటి కంటే బాగా కిందికి ఉంటే, కారు దాని దగ్గరే ఆగిపోతుంది. ఛార్జ్ తక్కువగా ఉండి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఈ లోపం బయటపడుతుంది. ఫుల్ ఛార్జ్‌లో చూసి సరిపెట్టుకుంటే దొరకదు.

3. బ్యాటరీ వేడి: ఎండలో నిలిపినప్పుడు, ఫాస్ట్ ఛార్జింగ్ తర్వాత ఎంతకు చేరుతోందో చూడాలి.

4. ఫాస్ట్ ఛార్జింగ్ ఎన్నిసార్లు చేశారు: లీఫ్ ఈ లెక్కను గుర్తుపెట్టుకుంటుంది. దీన్నిబట్టి పాత యజమాని కారును ఎలా వాడాడో అంచనాకు రావొచ్చు.

అంకెలనూ సరిచూసుకోవాలి

లీఫ్‌లో బ్యాటరీ కంప్యూటర్ లెక్కను రీసెట్ చేస్తే అరిగిపోయిన బ్యాటరీ కూడా కొన్నాళ్లు 12 గీతలు చూపిస్తుంది. అందుకే స్క్రీన్ మీది అంకెను ఇంటి మీటర్‌తో సరిచూసుకోవడం మేలు.

ఉదాహరణకు, కొత్తప్పుడు 30 యూనిట్లు పట్టే కారును 20 శాతం నుంచి 80 శాతం దాకా ఛార్జ్ చేశారనుకుందాం. మీటర్‌లో 17 యూనిట్లు తిరిగాయి. పదోవంతు ఛార్జర్‌లో వేడిగా పోయిందనుకుంటే బ్యాటరీలోకి వెళ్లింది 15.3 యూనిట్లు. అది 60 శాతం కనుక, మొత్తం సామర్థ్యం 25.5 యూనిట్లు. అంటే ఆరోగ్యం సుమారు 85 శాతం. ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా యాప్ 98 అని చూపిస్తుంటే అనుమానించాల్సిందే.

చిన్న బ్యాటరీతో పెద్ద తలనొప్పి

ఎలక్ట్రిక్ కారులోనూ మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. పెద్ద బ్యాటరీని మోటారుకు కలిపే స్విచ్‌లు దీని కరెంటుతోనే పడతాయి. ఇది డౌన్ అయితే పెద్ద బ్యాటరీ ఫుల్‌గా ఉన్నా కారు కదలదు. అడాప్టర్‌ను ఎప్పుడూ సాకెట్‌లోనే వదిలేస్తే ఈ చిన్న బ్యాటరీని కొద్దికొద్దిగా తినేస్తుంది. పని అయ్యాక తీసేయాలి.

చదవడం వేరు, చేయి పెట్టడం వేరు

అంకెలు చదవడం వల్ల సాధారణంగా కారుకు నష్టం ఉండదు. సెట్టింగులు మార్చే ఆదేశాలు పంపడం మాత్రం వేరే సంగతి. తెలియక ఒకటి మారిస్తే కారు నిలిచిపోవచ్చు, వారంటీ పోవచ్చు. ఇక నారింజ రంగు తీగల జోలికి అసలు వెళ్లకూడదు. వాటిలో 350 వోల్టులకు పైగా కరెంటు ఉండొచ్చు, ప్రాణం తీస్తుంది. ఆ పని శిక్షణ పొందినవారిదే.

ఇంకో జాగ్రత్త ఫోన్ యాప్‌ల విషయంలో. కారు అద్దం మీద కనిపించే ఛాసిస్ నంబర్ తెలిస్తే చాలు, వేరే దేశంలో ఉన్న లీఫ్ ఏసీని కూడా ఆన్ చేయవచ్చని 2016లో భద్రతా పరిశోధకులు చూపించారు. కంపెనీ ఆ యాప్‌ను నిలిపివేయాల్సి వచ్చింది. కాబట్టి అమ్మకం ప్రకటనల్లో ఛాసిస్ నంబర్ కనిపించేలా ఫొటోలు పెట్టకపోవడం మంచిది. కారు చేతులు మారినప్పుడు పాత యజమాని ఖాతాను తీసేయించాలి.

తెలంగాణలో 2026 డిసెంబర్ 31 వరకు కొత్త ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది. ఇవాళ కొన్న కార్లే రేపు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు వస్తాయి. వాటిని కొనేవారు మీటర్‌లో తిరిగిన కిలోమీటర్లతో సరిపెట్టుకోకుండా, బ్యాటరీ ఆరోగ్య శాతం, మిగిలిన వారంటీ రెండూ చూశాకే అడ్వాన్స్ ఇవ్వాలి. అడాప్టర్ పెట్టనివ్వనని అమ్మేవాడు మొండికేస్తే, ఆ బేరం వదులుకోవడమే మంచిది.