ఫ్రెంచి మైదానంలోకి స్త్రీలింగం వచ్చిన దారి

హైదరాబాదులో సాయంత్రం పూట నేను చెప్పే ఫ్రెంచి తరగతికి ఎక్కువగా ఉద్యోగాలు ముగించుకున్నవాళ్లే వస్తారు. అలసిపోయి వచ్చినవాళ్ల ముందు లింగాల పట్టిక పెట్టడం నాకిష్టం లేదు. అందుకే మొదటి వారంలోనే ఫెన్సింగ్ వీడియోలు చూపిస్తాను. అంతర్జాతీయ పోటీ ఏ దేశంలో జరిగినా రిఫరీ ఫ్రెంచిలోనే మాట్లాడాలి. ‘ఆన్ గార్ద్’ అంటే కత్తి పట్టి కాచుకోమని. ‘ప్రే?’ అంటే సిద్ధమేనా అని. ‘అలే!’ అనగానే కత్తులు కదులుతాయి. ఆ తర్వాత ఆడవాళ్ల పోటీ పెడతాను. రెండో మాట ‘ప్రెత్?’ అని వినిపిస్తుంది. ఎవరో ఒకరు తప్పకుండా పట్టుకుంటారు, "మేడం, ఇందాక ‘త’ లేదు కదా?" అని. స్త్రీలింగం కోసం రాతలో ఒక అచ్చు చేరింది. ఆ అచ్చు తాను పలకదు, దాని పక్కన మూగగా ఉన్న ‘త’ను పలికిస్తుంది. విశేషణం లింగాన్ని బట్టి మారుతుందన్న సూత్రం అంతటితో వాళ్లకు వచ్చేసినట్టే.

కానీ నేను పాఠాన్ని అక్కడ ఆపను. ఫెన్సింగ్ 1896 ఏథెన్స్ ఒలింపిక్స్ నుంచీ ఉంది. అందులో ఆడవాళ్లకు చోటు దొరికింది మాత్రం 1924లో, పారిస్‌లో, అదీ ఫాయిల్ అనే ఒక్క కత్తితోనే. డెన్మార్క్‌కు చెందిన ఎలెన్ ఓసియర్ గెలిచింది. మిగతా రెండు కత్తుల్లో ఎపేకి 1996 వరకూ, సేబర్‌కు 2004 వరకూ ఆగాల్సి వచ్చింది. ‘ప్రెత్’ అన్న పిలుపు వ్యాకరణంలో ఎప్పుడూ ఉన్నదే. ఒలింపిక్స్‌లో దాని అవసరం పడటానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.

ఆటల మాటలు నేర్పడం మొదలుపెడితే ఇలాంటి తేదీలు అడుగడుగునా తగులుతాయి. ఈతగాడు ‘నజేర్’, ఈతగత్తె ‘నజేజ్’. పరుగు తీసేవాడు ‘కురేర్’, తీసేది ‘కురేజ్’. చివరి హల్లు మారిస్తే సరిపోతుంది, నోటికి కష్టమేమీ కాదు. మైదానంలో మాత్రం ఆ మార్పు అంత సులువుగా జరగలేదు. ఆధునిక ఒలింపిక్స్‌ను నిలబెట్టిన పియర్ ద కూబెర్తాన్ ఆడవాళ్లు పోటీల్లో దిగడాన్ని చివరిదాకా వ్యతిరేకించాడు. 1900 పారిస్ క్రీడల్లో టెన్నిస్, గోల్ఫ్ లాంటి కొన్నింట్లో కొద్దిమందికి దారి దొరికింది. అథ్లెటిక్స్ తలుపు మాత్రం మూసే ఉంచారు.

ఆ తలుపు తట్టిన మనిషి ఆలిస్ మిలియా. నా తరగతిలో కూబెర్తాన్ పేరు కన్నా ముందు ఈమె పేరు చెబుతాను. 1884లో నాంత్‌లో పుట్టింది, చిన్న వయసులోనే భర్త పోయాడు, పడవ పందేల్లో తెడ్డు వేసింది. పారిస్‌లో ‘ఫెమినా స్పోర్’ అనే ఆడవాళ్ల క్లబ్బు నడిపించింది. ఆడవాళ్ల అథ్లెటిక్స్‌ను ఒలింపిక్స్‌లో చేర్చమని 1919లో అడిగితే కాదన్నారు. అడుక్కుంటూ కూర్చోలేదామె. 1921లో ఆడవాళ్ల కోసం ఒక అంతర్జాతీయ సమాఖ్యనే పెట్టింది. 1922 ఆగస్టు 20న పారిస్ పెర్షింగ్ స్టేడియంలో సొంతంగా పోటీలు జరిపింది. అయిదు దేశాల అమ్మాయిలు వచ్చారు. చూడటానికి వచ్చినవాళ్లు ఇరవై వేలమంది దాకా ఉన్నారంటారు. ఆ పోటీలకు ‘ఒలింపిక్’ అన్న పేరు పెట్టుకోవడం పెద్దమనుషులకు మింగుడుపడలేదు. 1926లో గోథెన్‌బర్గ్ పోటీల నాటికి పేరు మార్చుకోవాల్సి వచ్చింది. దానికి బదులుగా 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు అయిదు అథ్లెటిక్స్ అంశాలు ఇచ్చారు. అయిదేనా అని బ్రిటన్ అథ్లెటిక్స్ అమ్మాయిలు వెళ్లలేదు. ఆ అయిదింట్లో 800 మీటర్ల పరుగు చూసి, అమ్మాయిలు కుప్పకూలిపోయారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఆ పరుగు తీసేశారు, మళ్లీ 1960లోగానీ రాలేదు. పరుగు ముగించాక మగవాళ్లూ నేల మీద వాలిపోతారు. దానికి ఎవరూ పోటీని రద్దు చేయలేదు. ఈ అన్యాయం చెప్పేటప్పుడు నా గొంతు ఇప్పటికీ పెరుగుతుంది.

మిలియా 1957లో, ఎవరికీ పట్టని మనిషిగా పోయింది. ఫ్రాన్స్ ఒలింపిక్ కమిటీ భవనంలో కూబెర్తాన్ విగ్రహం ఉన్న చోటనే ఆమె విగ్రహం పెట్టడానికి 2021 దాకా పట్టింది.

‘ఫుట్‌బొలేజ్’ అన్న మాటది ఇంకో కథ. 1917లోనే ఫెమినా స్పోర్ అమ్మాయిలు రెండు జట్లుగా ఫుట్‌బాల్ ఆడారు. 1941లో ఫ్రాన్స్‌ను ఏలుతున్న విషీ ప్రభుత్వం ఆడవాళ్ల ఫుట్‌బాల్‌ను నిషేధించింది. ఫ్రెంచి ఫుట్‌బాల్ సమాఖ్య వాళ్లను గుర్తించింది 1970లో. బంతి ఆటకు ‘జువే’ (ఆడు), మిగతావాటికి ‘ఫేర్’ (చేయి) అన్న క్రియల తేడా నేను ఈ కథలోనే కలిపి చెప్పేస్తాను. దానికి వేరే పాఠం అక్కర్లేదు.

మనవాళ్లకు అసలు చిక్కు బహువచనంలో వస్తుంది. తెలుగులో ఎవరొచ్చినా ‘వాళ్లు వచ్చారు’ అంటే చాలు. ఫ్రెంచిలో అందరూ ఆడవాళ్లయితే ‘ఎల్’, ఒక్క మగవాడు చేరినా అందరూ ‘ఇల్’. దీనికి ముందు, లింగాల అభ్యాసానికి మన పేర్లే ఇస్తాను. పి.వి. సింధు ‘జ్వేజ్’, అంటే ఆటగత్తె. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి ‘ఆల్తెరోఫిల్’, అంటే బరువులెత్తే మనిషి. ఆ మాట ఆడామగా ఇద్దరికీ ఒకటే. మాట ఒకటే అయినా, ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2000లో, సిడ్నీలో. ఆ మొదటి అవకాశంలోనే మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే.

చివరి వాక్యం ఎప్పుడూ మిక్స్‌డ్ రిలే గురించి రాయిస్తాను. 4×400 మీటర్ల రిలేలో ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు. 2024 పారిస్ క్రీడల్లో ఆడవాళ్లకూ మగవాళ్లకూ సమానంగా చోట్లు కేటాయించారు. అయినా ఆ నలుగురూ సిద్ధంగా ఉన్నారని ఫ్రెంచిలో రాయాలంటే ‘ఇల్ సోఁ ప్రే’ అనే రాయాలి. "సగం సగం కదా మేడం, ఇదెక్కడి లెక్క?" అని అమ్మాయిలు నిలదీస్తారు. ఫ్రాన్సులో కూడా ఈ ప్రశ్న అడుగుతున్నవాళ్లు చాలామందే ఉన్నారని చెప్పి, పరీక్షలో మాత్రం ‘ఇల్’ అనే రాయమంటాను.