దండు వెంట నడిచిన ధాన్యం



పొయ్యి మీద సంగటికి ఎసరు పెట్టి వార్తలు వినడం నాకు అలవాటు. సూడాన్ దేశంలో 2023 ఏప్రిల్‌లో మొదలైన అంతర్యుద్ధం సంగతి అలా వింటూ వచ్చాను. మరుసటి ఏడు ఆగస్టులో, అక్కడి జంజం అనే నిరాశ్రయుల శిబిరంలో కరువు వచ్చిందని ప్రకటించారు. ఆహారం తెచ్చే లారీలను దారిలోనే ఆపేయడం అందుకొక పెద్ద కారణమట. "దారి మూస్తే కూడా కరువొస్తుందామ్మా?" అంది మా చిన్నమ్మాయి. పాపం, కదిరిలో పుట్టిన పిల్ల. కరువంటే వాన రాకపోవడమే దానికి తెలుసు.

వస్తుందమ్మా. మన సీమలోనే వచ్చింది.

మన కదిరి 1910 వరకు కడప జిల్లాలో ఉండేది. ఆ కడప సీమను 1779లో హైదరాలీ పట్టుకున్నాడు. 1792 సంధితో అది నిజాముకు పోయింది. 1800లో నిజాము దాన్ని కుంపిణీకి ధారపోశాడు. ఇరవై ఏళ్ళలో ముగ్గురు దొరలన్నమాట. వీళ్ళు చాలనట్టు పాళెగాళ్ళు. కుంపిణీ తరపున వచ్చిన మన్రో దొర లెక్కకే దత్తమండలాల్లో సుమారు ఎనభైమంది తేలారు. ఎవరి దండు వాళ్ళది, ఎవరి వసూలు వాళ్ళది. రైతు గాదె మాత్రం ఒక్కటే.

ఇక టిప్పుసుల్తాను మీద 1790లో మొదలైన యుద్ధం చూడండి. కారన్‌వాలిసు దొర 1791 మార్చిలో బెంగుళూరు కోట పట్టుకుని, మే నెలలో శ్రీరంగపట్నం దాకా వెళ్ళాడు. టిప్పు గుర్రపు దళం ముందుగానే చుట్టుపక్కల గడ్డి, గింజ తగలబెట్టేసింది. మేత లేక ఎద్దులు కుప్పలుగా చచ్చాయి. ఫిరంగులు లాగే దిక్కు లేదు, బియ్యం అయిపోవచ్చాయి. అంతటి దొరా తన పెద్ద ఫిరంగులను తానే పాడుచేసుకుని వెనక్కి తిరిగాడు. దారిలో మరాఠా సేన ఎదురుపడింది. వాళ్ళ వెంట నిండు బజారు ఉంది! ధరలు మండిపోతున్నా కొనుక్కు తిన్నారు.

మన వంటింటి లెక్క ఒకటి వేద్దాం. దండంటే సిపాయిలు మాత్రమే కాదు, వాళ్ళ వెంట నౌకర్లు, గడ్డి కోసేవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు. లక్షమంది అనుకోండి. మనిషికి అరకిలో గింజలంటే రోజుకు యాభైవేల కిలోలు. ఒక ఎద్దు వంద కిలోలు మోస్తుందనుకున్నా, ఒక్కరోజు కూటికి అయిదువందల ఎద్దులు కావాలి. నెలకు పదిహేనువేలు.

అన్ని ఎద్దులు ఎవరి దగ్గరున్నాయి? లంబాడీల దగ్గర. మన వైపు సుగాలీలంటాం. ఎద్దుల మీద కంటలాలు వేసి, తీరం నుంచి ఉప్పు లోపలికి, లోపలి నుంచి గింజలు బయటికి తోలేవారు. తాండాకొక నాయకుడు. పది పన్నెండువేల ఎద్దులు ఒక్క వరసలో పోతుంటాయని పదిహేడో శతాబ్దంలో తావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు రాశాడు. వీళ్ళతో అందరికీ పనే, అందుకే మామూలుగా ఏ దండూ వీళ్ళ జోలికి పోయేది కాదు. మొదటిసారి ఆకలి నేర్పిన పాఠంతో కారన్‌వాలిసు కూడా లంబాడీలను పెద్ద ఎత్తున కుదుర్చుకున్నాడు. 1792 ఫిబ్రవరిలో మళ్ళీ శ్రీరంగపట్నం చేరితే, ఈసారి వెనక్కి తిరిగే పని పడలేదు. చరిత్ర పుస్తకాల్లో ఫిరంగుల కొలతలు దొరుకుతాయి గానీ, ఈ ఎద్దులకు ఒక వాక్యం దొరకడం కష్టం.

సరిగ్గా ఆ 1791–92లోనే దక్కనంతటా వానలు తప్పాయి. పూడ్చే దిక్కులేక శవాలు ఎక్కడివక్కడ ఎముకలైపోయాయి గనక దాన్ని పుర్రెల కరువన్నారు. ఇక్కడే నా మనసు ఆగిపోతుంది. తిండి గింజలు మోసే ఎద్దులు నడుస్తూనే ఉన్నాయి, కానీ డబ్బు పెట్టే దండు వైపు నడిచాయి. పల్లెలో కూర్చుని ఎదురుచూసే ఇల్లాలి చేతిలో ఏముంది ఇవ్వడానికి? లంబాడీలను తప్పుపట్టలేను. వాళ్ళకు అది బతుకుతెరువు. గడ్డివాముకు నిప్పు పెట్టమన్నవాళ్ళనూ, కొన్నదంతా దండుకే పోసుకున్నవాళ్ళనూ మాత్రం అడగాలనిపిస్తుంది.

ఆ తర్వాతి కథ మరీ కష్టం. రోడ్లు, రైళ్ళు వచ్చాక కంటలాలకు పని పోయింది. సంచారం మాత్రం మిగిలింది, దానితోపాటే అనుమానం. 1871లో తెచ్చిన నేరస్థజాతుల చట్టం కింద తర్వాత తర్వాత వాళ్ళలో కొన్ని గుంపులను కూడా చేర్చారు. ఒకప్పుడు సేనలకు కూడు మోసినవాళ్ళు పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవలసి వచ్చింది. ఆ చట్టం 1952లో గాని రద్దు కాలేదు.

మా చిన్నమ్మాయికి ఇదంతా చెప్పాను. "మరి ఆ ఎద్దులన్నీ ఏమయ్యాయి?" అంది. కదిరి చుట్టుపక్కల తాండాల్లో ఇప్పుడు వేరుశనగ వేస్తారు. వాన లేని ఏడు తలుపుకు తాళం పెట్టి, మూటాముల్లె సర్దుకుని, కూలికి బెంగుళూరు బస్సెక్కుతారు.